చల్లబడ్డ గోడ

నవంబర్ 29

అయిపోయింది! పింగాణీ కప్పులు కాల్చే మా కిల్న్‌కి ఇవాళ్టితో దుప్పటి కప్పేశాం. నిజం దుప్పటి కాదు, వేడి బయటికి పోకుండా చుట్టే ఫైబర్. కొత్త బర్నర్లు, పొగ లేదు. కొత్త ఫ్యాన్లు, మోత లేదు. మిగిలిన వేడంతా పైపుల్లోంచి, పచ్చి కప్పులు ఆరబెట్టే గదికి పోతుంది. గ్యాస్ మూడో వంతు తగ్గుతుందని నా లెక్క. ఎనర్జీ ఇంజనీరంటే లైట్లు ఆర్పే మనిషని వెక్కిరించిన మేనేజర్ గారే అందరి చేతా చప్పట్లు కొట్టించారు. నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

డిసెంబర్ 4

పొద్దున్నే అత్తయ్య గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడి ఉంది.

మా వరసలో ఇళ్ళన్నిటికీ వెనక గోడ ఫ్యాక్టరీదే. గేటేమో అటు పెద్ద రోడ్డు వైపు. మాకు కనిపించేది గోడా, పొగగొట్టమూ. ఆ గోడకి అవతలే కిల్న్. చలికాలం వచ్చిందంటే అత్తయ్య మోకాళ్ళకి అదే డాక్టరు. మంచం దానికి ఆనించుకుని, వీపు వెచ్చబెట్టుకుంటూ నన్ను నాలుగు మాటలంటే తప్ప ఆవిడకి పొద్దు గడవదు.

గోడ చల్లబడిందేమిటే అంది. నా మొహం, ఇది నాకెందుకు తట్టలేదు? నా లెక్కల్లో ఆ వేడి పేరు వేస్ట్. ఏమో అత్తయ్యా, తెలీదన్నాను.

డిసెంబర్ 7

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఇందుకే అంటారు. వరసలో ఇంటింటికీ హీటరొచ్చింది. నేనూ ఒకటి తెచ్చాను. నేనటు వెళ్ళగానే అత్తయ్య ప్లగ్ పీకేస్తోందని పక్కింటి పిన్నిగారు చెప్పారు. ఎందుకో అర్థం కాదు. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతోంది.

డిసెంబర్ 9

అత్తయ్య నన్ను తిట్టడం మానేసింది.

డిసెంబర్ 11

ఏదో తేడాగా ఉంది. కూరలో ఉప్పెక్కువైనా నోరెత్తలేదు. పొద్దున నా డబ్బా తనే కట్టి, కుంటుకుంటూ గుమ్మం దాకా వచ్చి చేతికిచ్చింది. తల నిమిరింది! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. పోయినదాని గురించి బెంగ పెట్టుకోకు, మనిషి బాగుంటే చాలు అంది. పోయినవారం నా గొడుగు పోయింది. గొడుక్కి ఇంత ఓదార్పా?

ఒకవేళ నిజం తెలిసిపోయిందేమో. గోడ చల్లబరిచింది నేనేనని తెలిసి, మంచితనంతో చంపుతోందేమో. నాలుగు తిట్టినా ప్రాణం హాయిగా ఉండేది.

డిసెంబర్ 13

మేనేజర్ గారు రెండో కిల్న్ పెడదామంటున్నారు. ఆదా అయిన గ్యాస్ ఊరికే ఎందుకుండాలి అని ఆయన వాదన. కప్పుకి పట్టే గ్యాస్ తగ్గింది. కప్పులు పెరుగుతాయి. మొత్తం గ్యాస్ మళ్ళీ మొదటికే వస్తుంది. ఇక్కడ మా వరసలో మీటర్లు గిర్రున తిరుగుతున్నాయి. మరి నేను ఆదా చేసిందేమిటి? ఆయన్నే అడిగాను. చాలా మంచి ప్రశ్న, ప్రెజెంటేషన్‌లో మాత్రం పెట్టొద్దు అన్నారు.

డిసెంబర్ 14, సాయంత్రం

అత్తయ్య సంచీ సర్దుకుంది. బట్టలూ, దుప్పట్లూ, శాలువాలూ. ఎల్లుండి మా ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోతుందట. ఆ ఇల్లు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. పైగా ఆ తల్లీకూతుళ్ళకి రెండోరోజుకే ఉప్పూ నిప్పూ. ఈ మోకాళ్ళతో మెట్లెలా ఎక్కుతుంది? ఎందుకు వెళ్తున్నారంటే చెప్పదు. అంతా నా వల్లే. ఏడుపొస్తోంది.

డిసెంబర్ 15, ఆదివారం

మా ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు, ఆదివారాలే ఇంటికొస్తారు. ఇవాళ రాగానే నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, ఉద్యోగం పోతే నాకైనా చెప్పొద్దా అన్నారు. ఎవరికి పోయింది అన్నాను. ఆయన తెల్లమొహం వేశారు. నేనూ వేశాను.

వాళ్ళమ్మ ఫోన్లో చెప్పిందట. ఫ్యాక్టరీ మూతపడిందిరా, పొగ లేదు, మోత లేదు, గోడ ఐసుగడ్డలా ఉంది. పిచ్చిపిల్ల మనకి చెప్పలేక రోజూ డబ్బా పట్టుకుని ఎక్కడికో వెళ్ళి కూర్చుని వస్తోంది. నువ్వేం అడక్కు, చిన్నబుచ్చుకుంటుంది. కరెంటు నేనెలాగూ వాడటం లేదు. నేను కూడా వెళ్ళిపోతే దానికో భారం తగ్గుతుంది, అందట.

పడీపడీ నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకే తెలియలేదు.

డిసెంబర్ 16

అత్తయ్యని టాక్సీలో ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాను. కప్పులు ఆరబెట్టే గది తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టింది. ఆవిడ పైపు దగ్గర చేతులు చాపి చాలాసేపు నిలబడింది. ఓసి దీని దుంపతెగ, ఇక్కడికొచ్చి కూర్చుందా అంది. అంతా చెప్పేశాను, చేసింది నేనేనని కూడా. ఉద్యోగం ఉందిగా, అంతే చాలు అంది. తర్వాత మేనేజర్ గారిని, నా మంచం ఇక్కడ వేసుకోవచ్చా బాబూ అని అడిగింది. ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు మొదలుపెట్టింది. ఇంత చదువు చదివావు, ఇంట్లో మనిషికి ఒక్క ముక్క చెప్పడం రాదా అని. ఇల్లు చేరేదాకా ఆపలేదు. హమ్మయ్య.

ప్రయాణం మానేసినట్టేనా అన్నాను. సంచీ విప్పలేదు. గోడ ఇంకా చల్లగానే ఉందిగా అంది.

డిసెంబర్ 17

ఆఫీసు నుంచి వచ్చేసరికి సంచీ ఖాళీ. పక్కింటి పిన్నిగారి చేత మేకులు కొట్టించి, దుప్పట్లూ శాలువాలూ అన్నీ గోడకి వేలాడదీసింది అత్తయ్య. పాపం, దానికి చలేస్తోందిట.