ఎఫ్, బి అక్షరాలున్న రాయి గురించి

వైలర్, విస్సంబూర్ దగ్గర,
1986 అక్టోబరు 14.

సరిహద్దు రాళ్ళ సంఘం అధ్యక్షులవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మున్‌డాట్ అడవిలో తమరు ఎర్ర రంగుతో 47 అని నంబరు వేయించిన రాయి సరిహద్దు రాయి కాదనియు, అది నా అన్న సమాధి రాయి అనియు, దాని చుట్టూ కాంక్రీటు పోయించవద్దనియు మనవి.

వైలర్ గ్రామ కాపురస్థురాలు, కీర్తిశేషులు రంపపు కోత పనివాడు మార్టిన్ బాస్టియన్ కుమార్తె, అవివాహిత, అరవై ఏండ్ల వయస్సు గల ఫిలొమెన్ బాస్టియన్ అను నేను సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు అడవి మా పెరటి గోడ వెనకే మొదలగును. పూర్వం అది మఠంవారి నేల. ఏ ప్రభువు ఆజ్ఞా అక్కడ చెల్లేది కాదట. మున్‌డాట్ అనే మాటకే మినహాయింపు అని అర్థమని మా ఫాదరు గారు చెప్పేవారు. ఎవరి పెత్తనమూ లేదని పేరు పెట్టుకున్న నేల కోసం ఇంతమంది కొట్టుకున్న చోటు ఇంకొకటి ఉందనుకోను. యుద్ధానికి ముందు జర్మనీది. 1949లో మన ఫ్రాన్సువాళ్ళు తీసుకున్నారు. ఇప్పుడు తిరిగి ఇచ్చేశారు. నేల మీద అధికారం వాళ్ళదట, చెట్ల మీద హక్కు మనదట. మధ్యలో 1950లో కాలేజీ కుర్రాళ్ళు వచ్చి, ఐరోపా అంతా ఒకటేనని పాడుతూ మా రోడ్డు మీది సరిహద్దు గేటు కోసి తగలబెట్టారు. వారం తిరక్కముందే కొత్త గేటుకి దుంగ కోసే పని మా నాన్నకి తగిలింది. ఐరోపా గురించి మా ఇంటికి తెలిసింది అంతే.

2. నా అన్న ఫ్లోరాన్ బాస్టియన్. 1943లో జర్మనులు మా ఊరి కుర్రాళ్ళను బలవంతంగా తమ సైన్యంలోకి పట్టుకుపోయినప్పుడు అతని పేరు కూడా మార్చి ఫ్లోరెంత్స్ అని రాసుకున్నారు. మరుసటేడు సెలవు మీద ఇంటికొచ్చి, ఇక తిరిగి వెళ్ళలేదు. అడవిలో దాక్కున్నాడు. నేను పుల్లలు ఏరుకునేదానిలా వెళ్ళి, గంపలో పుల్లల కింద రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు పెట్టుకుపోయి ఇచ్చి వచ్చేదాన్ని. నవంబరులో గస్తీవాళ్ళు అతన్ని కాల్చేశారు. మర్నాడు పొద్దున గంపతో వెళ్ళి చూసింది నేనే. రొట్టె తిరిగి ఇంటికి తెచ్చాను. దాన్ని ఎవరూ తినలేకపోయాం.

పారిపోయిన సిపాయిని ఇంటికి తెచ్చి పాతిపెడితే మా ముగ్గుర్నీ బండెక్కించి ఎక్కడికో పంపేసేవారు. అందువలన మా నాన్న అక్కడే, పడిన చోటే, బీచ్ చెట్ల మధ్య గొయ్యి తీశాడు. కాళ్ళు మా ఇంటి వైపు ఉండేలా పడుకోబెట్టాడు. "లేచిన రోజున దారి వెతుక్కోనక్కర్లేదు," అన్నాడు.

3. యుద్ధానంతరం మా నాన్న పెట్టుకున్న అర్జీలకు వచ్చిన జవాబులు ఈ దిగువన పొందుపరచడమైనది. మన ఆఫీసు: సదరు వ్యక్తి జర్మన్ యూనిఫాం తొడిగినవాడు గనుక మా పరిధిలోకి రాడు. వాళ్ళ ఆఫీసు: సదరు వ్యక్తి పారిపోయినవాడు గనుక మా సిపాయి కాడు, పైగా ఆ అడవి ఇప్పుడు మీది. పట్టుకుపోయేనాడు అన్ని కొలతలకూ సరిపోయినవాడు పాతిపెట్టేనాడు ఎవరి లెక్కకూ సరిపోలేదు. చివరికి అతన్ని ఆచూకీ తెలియనివాళ్ళలో వేశారు. ఆ మాట మా అమ్మ దగ్గర ఎవరైనా అంటే, "నాకు తెలుసుగా," అనేది. చనిపోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "వాణ్ణి నా పక్కకి తీసుకురావే," అంది. నేను సరేనన్నాను.

4. ఈ నాలుగో అంశం తీసెయ్యమని మా పక్కింటి సెప్పెల్ గొడవ చేశాడు. ఫ్లోరాన్‌తో కలిసి బడికి వెళ్ళినవాడు, నన్ను ఇప్పటికీ మెన్ అనే పిలుస్తాడు. "నీ చేత్తో నువ్వే మీ నాన్నని దొంగని చేస్తావా మెన్, నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు. తీసెయ్యను. చనిపోయి పాతికేళ్ళయిన మనిషిని తమరు ఏ జైల్లో పెట్టిస్తారో నేనూ చూస్తాను.

1946లో, యుద్ధపు ట్యాంకుల కింద పడి లేచిపోయిన పాత సరిహద్దు రాళ్ళు వాగు పక్కన ఎక్కడివక్కడ దొర్లి ఉండేవి. ఒక ముఖం మీద ఫ్రాన్సుకి ఎఫ్, రెండో ముఖం మీద ఒకప్పటి బవేరియా రాజ్యానికి బి. మా నాన్న వాటిలో పగలని దాన్ని ఎంచి, దుంగలు దించే చెక్కబండికి కట్టి, గుట్ట మీదికి ఈడ్చుకొచ్చి మా అన్న తలవైపు నాటాడు. నేను భయపడ్డాను.

"నాన్నా, సరిహద్దు రాయి ముట్టుకుంటే జైలంట కదా!"

"సరిహద్దు ఎక్కడుందో ముందు వాళ్ళని తెలుసుకోనివ్వవే. ఇటు చూడు. ఎఫ్. బి. ఫ్లోరాన్ బాస్టియన్. మనవాడి పేరు ముందే చెక్కి పెట్టారు. ఇంక ఈ చోట పార దింపే దమ్ము ఎవడికీ ఉండదు."

ఆ మాట అంటూ నవ్వాడు. యుద్ధం తర్వాత మా నాన్న నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

5. పోయిన నెలలో తమ సర్వేయర్లు ఇద్దరు, మన కుర్రాడొకడు, అవతలి కుర్రాడొకడు, పాత గీత వెతుక్కుంటూ వచ్చారు. వాగు పక్కన రాళ్ళు లేవు. గుట్ట మీద ఒక్క రాయి మాత్రం నాచు లేకుండా నిటారుగా నిలబడి ఉంది. ఉండదా మరి? నవంబరు ఒకటిన సకల పునీతుల పండుగకి సమాధి మీద చామంతి కుండీ పెట్టేముందు ఏటా నేను బ్రష్షుతో రుద్ది కడుగుతాను. వాళ్ళు వచ్చినప్పుడు కూడా బకెట్టుతో అక్కడే ఉన్నాను.

"సరిహద్దుని ఇంత శ్రద్ధగా చూసుకునేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు మదామ్!" అన్నాడు మన కుర్రాడు. నిజంగానే ఆ రాయికి సెల్యూట్ కొట్టాడు.

"మా వైపు ఇలాంటోళ్ళు ఒక్కరూ లేరు," అని అవతలివాడు చిన్నబుచ్చుకున్నాడు.

చెప్పాల్సింది నలభై ఏళ్ళు దాచిన మాట. నేను నోరు పెగల్చుకునేలోపే 47 అని ఎర్రగా రాసేశారు. గీత వాగు దగ్గర్నుంచి గుట్ట మీదికి వంగింది. ఆ విధంబుగా ఒక ముక్క అడవి మన దేశానికి కలిసివచ్చినది. దీని నిమిత్తం రెండు సైన్యాల రక్తం అవసరం లేకపోయింది, ఒక చెక్కబండి చాలింది. విస్సంబూర్‌లో ఓడిపోయిన సేనాపతులకి కూడా స్మారక చిహ్నాలున్నాయి గనుక, మా నాన్న విషయం కూడా పరిశీలించగలరు.

6. రాయి చుట్టూ కాంక్రీటు దిమ్మె కట్టబోతున్నట్టు తెలిసి ఈ నెలలో తమ కార్యాలయమునకు వచ్చితిని. కిటికీ దగ్గరి ఉద్యోగి మర్యాదస్థుడే. కుర్చీ వేశాడు. పటం పరిచి, పెన్సిలు తీసి అడిగాడు.

"తల ఎటువైపు మదామ్, కాళ్ళు ఎటువైపు? గీత మనిషి మధ్యగా పోతే రెండు దేశాల అనుమతీ కావాలి."

"కాళ్ళు ఇంటి వైపు."

"ఇల్లంటే ఏ దేశం మదామ్?"

"మా ఇల్లండీ. పచ్చ తలుపులది."

"సరే. అసలు అది సమాధి అనడానికి రుజువేమిటి?"

"రుజువు రాయి కింద ఉంది. తవ్వితే కనబడుతుంది."

"సరిహద్దు రాయి కింద తవ్వకూడదు కదా మదామ్."

"అది సరిహద్దు రాయి కాదంటున్నాను కదయ్యా!"

"ఆ సంగతి ముందు రుజువు చెయ్యండి."

నేను గొంతు పెంచాను. పెంచకూడదు, పెంచాను. అక్కడున్నవాళ్ళంతా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. బయటికొచ్చి బస్సు కోసం నిలబడి ఏడ్చాను. అందునిమిత్తమై తమరిని క్షమాపణ కోరుచున్నాను. ఏడ్చినందుకు కాదు, గొంతు పెంచినందుకు.

కావున, పైన చెప్పిన కారణములను పురస్కరించుకొని, పండుగలోపు నా అన్నను మా అమ్మానాన్నల పక్కకు తెచ్చుకొనుటకు అనుమతి దయచేయించవలసినదిగా ప్రార్థన. అతనికి ఏ దేశం పతకమూ వద్దు. ఏ దేశం క్షమాపణా వద్దు. గీతను వెనక్కి జరుపుకుంటారో, ముందుకే జరుపుకుంటారో తమ ఇష్టం. అతని మీద సిమెంటు మాత్రం పోయకండి. నాకు గుండె జబ్బుంది. అమ్మకిచ్చిన మాట ఒక్కటే మిగిలి ఉంది.

ఈ ముసలిదాని మొర ఆలకించి చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
ఫిలొమెన్ బాస్టియన్

తా.క. (అక్టోబరు 20)

శనివారం ఈ కాగితం పోస్టులో వెయ్యడానికి బయల్దేరాను. సిమెంటు బస్తాల లారీ ఒకటి నన్ను దాటుకుని అడవి దారి ఎక్కింది. వెనక్కి వచ్చేశాను.

నిన్న ఆదివారం, ఊరంతా పూజలో ఉండగా, సెప్పెల్ ట్రాక్టరు తీశాడు. ఫాదరు గారు నన్నేమీ అడగలేదు. సమాధుల తోట గేటు తాళం తీసి పెట్టి పూజకి వెళ్ళిపోయారు. మేం పట్టపగలే తవ్వాం. తమరు అడిగిన రుజువు దొరికింది. మెడ ఉన్న చోట, మా అమ్మ వేసిన వెండి మరియమ్మ బిళ్ళ. సెప్పెల్ టోపీ తీసి, "ఇంటికి పోదాం పదరా ఫ్లోరాన్, మీ అమ్మ ఎదురు చూస్తోంది," అన్నాడు. నా పెళ్ళికని మా అమ్మ దాచిన దుప్పట్లో చుట్టి తీసుకొచ్చాను. నాకు పెళ్ళి కాలేదు గనుక అది కొత్తగానే ఉంది.

దారిలో ఏ సరిహద్దూ దాటలేదు. తమ పటం ప్రకారం అదంతా ఫ్రాన్సే. మా నాన్న దయ.

రాయిని కూడా తెచ్చేశాం. అది ఇప్పుడు మా అన్న తలవైపు ఉంది. తమ గీత ఎటు పోవాలో తమరు తేల్చుకోండి. అనుమతితో నాకిక పని లేదు, పై ప్రార్థన కొట్టివేసుకోండి. దాని బదులు ఇంకొకటి: ఆ ఎర్ర రంగు 47 ఇసుకతో రుద్దినా పోలేదు. పండుగలోపు ఒక మనిషిని పంపి తుడిపించండి. అక్షరాలు మాత్రం ముట్టుకోవద్దని చెప్పి పంపండి. అవి దేశాలవి కావు.