బర్మా నుంచి తిరిగిరాని నీ బాంబరు

ముత్తాతా,

మన వంశ ప్రతిష్ఠను బహ్రెయిన్ విమానాశ్రయంలో, ప్రయాణికులందరి సాక్షిగా మట్టిలో కలిపినందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. నిజానికి నాకంత బాధేం లేదు. ఉత్తరం ఇలా మొదలుపెడితే గంభీరంగా ఉంటుందని.

ఈరోజు మొదటిసారి, ఇక్కడ మెకానిక్కుగా నా ఒక్కడి సంతకంతో ఒక విమానం హైదరాబాదు బయల్దేరింది. పొద్దున్నుంచీ నీ బాంబరు విమానమే గుర్తొస్తోంది. యుద్ధకాలంలో బెంగాల్లో దానికి నువ్వే మెకానిక్కువి. రెక్కకి తూట్లు పడితే అతుకులేశావు, ఇంజను మార్చావు, తోక దెబ్బతింటే కొత్తది బిగించావు. ప్రతిసారీ బర్మా మీదికెళ్ళి తిరిగొచ్చేది. ఆఖరిసారి రాలేదు. శత్రువులు కూల్చారో, వానమబ్బుల్లో చిక్కుకుందో ఎవరికీ తెలియలేదు. నువ్వు మాత్రం తొంభై ఏళ్ళు వచ్చినా కంచం ముందు కూర్చుని, "ఆయిల్ మూత బిగించానంటావా అమ్మాయ్?" అని నానమ్మని అడిగేవాడివి.

"బిగించారులే మావయ్యా, తినండి" అనేది.

ఇవాళ నేనూ మూత బిగించాను, ఊపి చూశాను, సంతకం పెట్టాను. జనం ఎక్కారు, తలుపులు మూశారు. అప్పుడు మొదలైంది, మూత నిజంగా బిగించానా అని నాకు అనుమానం. కుడి ఇంజను కింద ఆయిల్ మరక కనబడిందని విమానం ఆపించాను.

"పనంతా ఖలాస్, అయిపోయింది అన్నావు కదా భాయ్, ఇప్పుడీ మరకేంటి?" అని సూపర్‌వైజరు విసుక్కున్నాడు.

ఇంజను కవరు తెరిచి చూస్తే మూత బిగించే ఉంది. విమానం ఆలస్యంగా ఎగిరింది. ఇంకా దిగలేదు. ఫోన్లో మ్యాపు మీద దాని చుక్క సముద్రం మీద కదులుతుంటే చూస్తూ ఇది రాస్తున్నాను.

మరకేం లేదు ముత్తాతా. ఆపించడానికి నేనే కల్పించాను.