పండుమిరప పోతున్న పెరడు

అనంతగిరి కొండ,
1922, కార్తీకం.

నాయనా సోములూ,

ఈ ఉత్తరం రోడ్డు పనిలో మీ మేస్త్రీ చేత చదివించుకోకు. నువ్వే కూడబలుక్కుని చదువు.

మన పెరట్లో కొండమిరప విరగకాసింది. కానీ పొద్దున చూసిన పండు మాపటికి ఉండడం లేదు. పచ్చికాయల జోలికి ఎవరూ పోవడం లేదు. పిట్టలైతే తొడిమ మిగిలేది. ఇది చేత్తో తెంపిందే.

తెల్లదొరల మీద తిరగబడ్డ పితూరీ వాళ్లు ఠాణా మీద పడేముందు చీటీకి పండుమిరపకాయలు కట్టి పంపుతారని సంతలో అంటున్నారు. మొన్న పోలీసులు మన పెరడు కూడా చూసి పోయారు. నీ పెళ్లాం చిన్నమ్మలు రోజూ గంపతో వాగుకి పోతోంది. ఎందుకే అంటే, "ఆకుకూరకి మావా" అంటుంది. తెచ్చేది గుప్పెడు. ఇంట్లో కూర చూస్తే చప్పగా ఉంటోంది.

మరీ గుచ్చి అడగడానికి నాకు నోరు రాదు. పోలీసులు ఇల్లు తగలబెడతారని భయం. వచ్చే సంతనాటికి దాన్ని పుట్టింటికి పంపేద్దామని ఉంది. నీ మాట రాయి.

మీ అయ్య,
యర్రయ్య


సోములూ,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను.

నిన్న దాని వెనకే వాగుకి వెళ్లాను. రాతి మీద కూర్చుని పండ్లు చిదిమి నీళ్లలో వదులుతోంది. చేతులు మండుతున్నట్టున్నాయి, మాటిమాటికీ ముంచుకుంటోంది.

"ఏటి సేత్తన్నావే గుంటా?" అన్నాను.

ఉలిక్కిపడి లేచింది. ఏడుస్తూ నామీదే విరుచుకుపడింది.

"పితూరీ సీటీకి కట్టడానికి నీకు పండు దొరక్కుండా సేత్తన్నాను! ఊరు మొత్తానికి సీటీ రాయడం నీకొక్కడికే వొచ్చు. గోడేపు తిరిగి రాత్తావు. నేనొత్తే పంచెలో దాసేత్తావు. సంతకెల్లే బీమన్న సేతిలో గుట్టుగా పెడతావు. పోలీసోలు నిన్ను ఈడ్సుకుపోతే నీ కొడుక్కి నేనేటి సెప్పాల?"

ఎవరి ముందూ రాయడం నాకు సిగ్గని నీకు తెలుసు, దానికి తెలియదు. మొన్న దాచింది మాత్రం సిగ్గుతో కాదు. దాని మీద నీకు రాసిన చాడీ అది. చెప్పేశాను.

తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "పుట్టింటికి పంపేత్తానని రాసీసినావా?" అంది. రాశానన్నాను.

"అయితే ఇంకోటి రాయి. బేగి రాయి. నా ముందరే రాయి."

ఇప్పుడు ఎదురుగా కూర్చుంది. అక్షరం రాదు గానీ కాగితం మీంచి కన్ను తియ్యడం లేదు. మొక్కకో పండు విత్తనానికి ఉంచమని బతిమాలుకున్నాను. సరేనంది. దాన్నెక్కడికీ పంపను.

ఈ ఉత్తరం మేస్త్రీ చేతే చదివించుకో. "నలుగురూ ఇనేటట్టు సదవమను" అంటోంది.

మీ అయ్య,
యర్రయ్య