ఎదుటివాడు ఊరుకుంటాడా?

నవంబర్ 1, శనివారం. సాయంత్రం 6:20

రేపట్నుంచి రాద్దామనుకున్నాను. ఆగలేక ఇవాళే!

ముందు నా గురించి. (ఎప్పటికైనా పేరొస్తే పనికొస్తుంది.) భానుశ్రీ, ముప్పై ఆరేళ్లు. హైస్కూల్లో పీఈటీని. ఇల్లు నరసాపురం, బడి గోదారికి అవతల. రోజూ పంటు మీద, అంటే పెద్ద బల్లకట్టు మీద, దాటాలి. బళ్లు, మనుషులు, చేపల బుట్టలు, అప్పుడప్పుడూ ఒక గేదె, అందరం కలిసే దాటతాం.

ఏడాదిగా మా బళ్లో పదకొండు మంది ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పుతున్నాను. అంతకుముందు నాకు పది రోజుల ట్రైనింగయ్యాక సర్టిఫికెట్ ఇచ్చారు. లామినేషన్ చేయించాను.

నేర్పేది ట్రాపింగ్. ఎదుటివాడి చెయ్యి మన మీదకి రాగానే, దాన్ని మన చేత్తో వాడి ఛాతీకే అదిమేసి, రెండో చేత్తో ఠపీమని కొట్టడం. దానికి తోడు లయ విరవడం. ఒకటి, రెండు అని వాడికి అలవాటు చేసి, మూడు దాకా ఆగకుండా రెండున్నరకే కొట్టేయాలి. చూడ్డానికి ఎంత బాగుంటుందో!

ఇవాళ క్లాసయ్యాక తొమ్మిదో తరగతి సూర్యకళ ఆగింది. మోచెయ్యి గీరుకుపోయి ఉంది.

"నిన్న కాలవగట్టు మీద ఒకడు నా సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు మేడం. మీరు చెప్పినట్టే ట్రాప్ చేశాను."

"శభాష్!"

"వాడు చెయ్యి లాగేసుకున్నాడు మేడం."

"తర్వాత?"

"కొరికాను. పారిపోయాడు."

వాళ్ల నాన్న, మా హెచ్‌ఎం సుభద్ర గారు కలిసి పొద్దున్నే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి వచ్చారట. పిల్ల ధైర్యంగానే ఉంది. వెళ్తూ వెళ్తూ ఒక మాట అడిగింది.

"క్లాసులో ఎదుటి పిల్ల కదలకుండా ఊరుకుంటుంది కదా మేడం. బయట ఎదుటివాడు ఊరుకుంటాడా?"

విజిల్ ఊదేశాను.

తీర్మానం: రేపట్నుంచి ఇరవై ఒక్క రోజులు. రోజుకొక పరీక్ష, ఊరుకోని మనిషి మీద. ఫలితం ఉన్నదున్నట్టు రాయాలి. 22న తల్లిదండ్రుల సమావేశంలో మా ప్రదర్శన. ఆ లోపు తేలిపోవాలి. తేలిపోతుంది! నా చేతులు చాలా స్పీడు.

నవంబర్ 2, ఆదివారం. ఉదయం 6:05

రోజు 1. స్థలం: పెరడు. ప్రత్యర్థి: మావారు మురళీకృష్ణ, ఐసు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు.

"ఏవండీ, నన్ను కొట్టండి."

కాఫీ గ్లాసు పట్టుకుని నన్ను ఎగాదిగా చూశారు. "పొద్దున్నే ఏంటే ఇది? అమ్మ చూసిందంటే నాకు టిఫినుండదు."

"చూడరు. కొట్టండి."

గ్లాసు గట్టు మీద పెట్టారు. కళ్లు గట్టిగా మూసుకున్నారు. కొట్టారు. నేను లేని వైపు! అదుముదామంటే చెయ్యే దొరకలేదు.

6:20. లయ విరుపు. ఆయన ఎడం చెయ్యి ఒకసారి విసిరారు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత తుమ్మారు. తుమ్ముతూ కుడిచెయ్యి విసిరారు. నా చెవికి తగిలింది.

లయ ఉన్నవాడిదైతే విరగ్గొట్టొచ్చు. లేనివాడిదాన్ని ఏం చేస్తాం?

ఫలితం: తేలలేదు. ఉత్సాహం: నూటికి నూటపది!!

నవంబర్ 3, సోమవారం. రాత్రి 7:40

రోజు 2. కార్తీక సోమవారం. ఉపవాసం విడిచాక, ఇంత అన్నం తిని.

ప్రత్యర్థి: అత్తయ్యగారు శ్యామలాంబ. అరవై ఎనిమిది. యాభై ఏళ్లుగా లేసు అల్లుతున్నారు.

"అత్తయ్యా, నా చెయ్యి పట్టుకోండి. నేను విడిపించుకుని మీ చెయ్యి అదుముతాను."

"ఎందుకే?"

"పిల్లల కోసం."

లేసు సూది పక్కన పెట్టి పట్టుకున్నారు. నేను మెరుపులా తిప్పి అదిమాను. పడింది! పడిందని అరిచేలోపు ముంజేతి మీద నిప్పు. గిల్లారు! మామూలు గిల్లుడు కాదు. పట్టి, మెలితిప్పి, వదలకుండా.

"అమ్మో! అత్తయ్యా! గిల్లకూడదు!"

"ఎవడు చెప్పాడే కూడదని? తీర్థంలో, బస్సులో ఎవడైనా చెయ్యేస్తే నేను చేసింది ఇదే. నా వయసులో ఉన్నవాళ్లందర్నీ అడుగు."

సిలబస్ తీసి చూశాను. గిల్లుడు లేదు.

ఫలితం: అర సెకను గెలుపు, పది నిమిషాల మంట.

నవంబర్ 6, గురువారం. సాయంత్రం 5:30

4, 5 తేదీలు రాయలేదు. పౌర్ణమి పనులు. పరీక్షలు మాత్రం చేశాను. (ఒకటి. మావారి మీద. నిద్రపోతున్నప్పుడు. లెక్కలోకి రాదనుకుంటా.)

ఇవాళ క్లాసులో పదకొండు మందికీ చెప్పాను: "ఎవరూ ఊరుకోవద్దు. లాగండి, తోయండి, వంగండి."

అబ్బో! గ్రౌండు తిరనాళ్లయిపోయింది. జడలు ఊడాయి, రిబ్బన్లు ఎగిరాయి, ఒకర్తె చెప్పు గోడ దాటింది. నవ్వలేక నాకు పొట్ట పట్టేసింది. నలభై ప్రయత్నాల్లో ట్రాప్ పడింది మూడు. ఆ మూడూ ఎదుటి పిల్ల నవ్వాపుకోలేక నీరసపడినప్పుడే.

శత్రువుని ముందు నవ్వించాలేమో! ఆలోచించాలి.

నవంబర్ 9, ఆదివారం. ఉదయం 8:15

రోజు 8. మా వీధి చివర కీర్తిప్రియ ఉంటుంది. ఇరవై నాలుగేళ్లు, జిల్లాకి కబడ్డీ ఆడింది. ఇవాళ గట్టి ప్రత్యర్థి! తేలిపోవాల్సిందే.

పోజు పెట్టాను. రెండు చేతులూ గుండెకెదురుగా, మోచేతులు లోపలికి, సరిగ్గా సర్టిఫికెట్ మీద బొమ్మలా.

"అక్కా, రెడీనా?"

"రా!"

తర్వాత నాకు కనిపించింది ఆకాశం. మబ్బుల్లేవు. చీలమండ ఆ పిల్ల చేతిలో ఉంది.

"అక్కా, మీరు నా చేతులు చూస్తున్నారు. నేను మీ చేతులు అసలు చూళ్లేదండి."

నాలుగుసార్లు చేశాం. నాలుగుసార్లూ ఆకాశమే. ఐదోసారి ఆ పిల్ల వస్తుంటే నేనే రెండడుగులు వెనక్కి వేసి, గేటు తీసుకుని రోడ్డు మీద పడ్డాను.

"అది బాగుందక్కా!" అంది. "అలా పారిపోతే నేనేం చేయగలను?"

ఎగతాళి కాదు. నిజంగానే మెచ్చుకుంది!

నవంబర్ 11, మంగళవారం. సాయంత్రం 6:00

మణికట్టు వాచింది. విశ్రాంతి కూడా శిక్షణలో భాగమే అంటారు. ఎవరంటారో గుర్తులేదు.

నవంబర్ 13, గురువారం

పరీక్ష చేయకపోవడానికి కారణాలు:
వాన.
మణికట్టు.
రేపు బాలల దినోత్సవం, పాటలకి పిల్లల్ని నిలబెట్టాలి.
ప్రత్యర్థులు దొరకడం లేదు. నన్ను చూస్తే మావారు బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంటున్నారు.

నవంబర్ 15, శనివారం. సాయంత్రం 4:50

పరీక్ష లేదు. పంటు రేవు దగ్గర మిరపకాయ బజ్జీలు, నాలుగు. ఎవరూ ఊరుకోమనలేదు, నేనూ ఊరుకోలేదు.

రెండు వారాల్లో ఐదు పరీక్షలు. నెగ్గిందేమీ లేదు. అయినా ఇంట్లోవాళ్ల మీద పరీక్షలేంటి? నిజమైన గొడవలో అయితే భయం వస్తుంది, ఒంట్లో శక్తి పుడుతుంది, చేతులు వాటంతటవే పనిచేస్తాయి. అసలు పరీక్ష ఇంకా జరగలేదు. అంతే!

నవంబర్ 18, మంగళవారం. సాయంత్రం 6:45

అసలు పరీక్ష జరిగింది.

5:10 పంటు. నది మధ్యలో. ఒక బండి అద్దం ఇంకో బండికి గీరుకుంది. హెల్మెట్ పెట్టుకున్నాయన, ఎర్ర చొక్కాయన. ముందు మాటలు, తర్వాత తోపులాట. పక్కనే చేపలమ్మే మాణిక్యాంబ గారు బుట్ట కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ మీద పడేలా ఉన్నారు.

నేను మధ్యలోకి దూరాను. ఎందుకు దూరాను? పీఈటీని కాబట్టి. విజిల్ ఊదడం అలవాటు, ఇవాళ విజిల్ లేదు.

"ఆగండి!"

హెల్మెటాయన చెయ్యి లేచింది. నా చెయ్యి దానంతటదే వెళ్లింది. మణికట్టు, మోచెయ్యి, ఛాతీ. అదిమేశాను. ఆయన రెండో చెయ్యి కూడా కింద ఇరుక్కుంది. పడింది! నిజమైన గొడవలో, కదిలే పంటు మీద, ట్రాప్ పడింది! గుండె గంతులేసింది.

ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. తర్వాత ఏం చెయ్యాలో మర్చిపోయాను.

"మేడం గారూ," అన్నాడాయన మెల్లిగా, "మీరెందుకండీ నా చెయ్యి పట్టుకున్నారు?"

ఏం చెప్పాలి? సూర్యకళ అడిగిందని చెప్పాలా?

ఆలోచిస్తుండగా వెనక నుంచి ఎర్ర చొక్కాయన ఆయన కోసం విసిరిన గుద్దు నా భుజానికి తగిలింది. నా రెండు చేతులూ ఒకాయన దగ్గర ఇరుక్కుని ఉంటే రెండో ఆయన్ని ఆపేదెవరు? ఈ సంగతి ఆ పది రోజుల్లో ఒక్కరూ చెప్పలేదు!

అప్పుడు మాణిక్యాంబ గారు లేచారు. ఐసు కరిగిన చేపనీళ్లు, బకెట్ నిండా. ముగ్గురి మీదా ఒకే ఊపులో.

ఖాళీ బకెట్ కింద పెట్టారు.

"దిగండి రేవులో, తర్వాత కొట్టుకు చావండి," అన్నారావిడ. "మీరు కూడానండి మేడం గారూ."

ఇద్దరూ మొహాలు తుడుచుకున్నారు. ఎర్ర చొక్కాయన నాకు సారీ చెప్పాడు. హెల్మెటాయన తన తువ్వాలిచ్చాడు.

ఇంటికొచ్చి మూడుసార్లు స్నానం చేశాను. మావారు భోజనానికి వరండాలో కూర్చున్నారు.

నవంబర్ 19, బుధవారం. సాయంత్రం 5:40

ఇక చాలు. సర్టిఫికెట్ చింపేద్దామని తీశాను. లామినేషన్! చిరగదు. బీరువా వెనక పడేశాను.

నవ్వొస్తోంది, కానీ మధ్యాహ్నం మాత్రం నవ్వు రాలేదు. సుభద్ర గారి గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ప్రదర్శన వద్దన్నాను.

"అమ్మా భానుశ్రీ," అన్నారావిడ కళ్లద్దాలు తీసి, "కార్డులు పంచేశాం. పెద్దలొస్తున్నారు. ఒక పిల్ల కదలకుండా నిలబడుతుంది, ఇంకో పిల్ల టపటపా చేస్తుంది, చప్పట్లు, టీలు. పది నిమిషాల పని."

"ఆ పది నిమిషాలు చూసి తల్లులు ధైర్యం తెచ్చుకుంటారండి. పిల్లల్ని కాలవగట్టు మీద ఒంటరిగా పంపుతారండి."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకున్నారు. "పది నిమిషాలు," అన్నారు మళ్లీ.

గుమ్మం బయట సూర్యకళ హాజరు పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలీదు. నేను తల దించుకుని వెళ్లిపోయాను. పీఈటీ తల దించుకుని నడిస్తే ఏం బాగుంటుంది?

నవంబర్ 22, శనివారం. సాయంత్రం 5:00

చేసేశాను!!

11:20. షామియానా, కుర్చీలు, ముందు వరసలో పెద్దలు. మైకులో నా పేరు. నేను సూర్యకళని పిలిచాను. కదలకుండా నిలబడాల్సింది తనే.

చెవిలో చెప్పాను: "నిజంగా రా. నన్ను పడేయ్."

"నిజంగానా మేడం?"

"నిజంగానే."

పోజు పెట్టాను. వచ్చింది. చెయ్యి అదిమాను, లాగేసుకుంది. రెండోది అదిమాను, దాని కింద నుంచి దూరింది. రెండున్నరకి కొడదామని ఆగాను. ఆ పిల్ల ఒకటికే భుజంతో గుద్దింది. నేను కూర్చుండిపోయాను. దుమ్ములో. పెద్దల ఎదురుగా!

ఎవరూ నవ్వలేదు. అదింకా ఘోరం.

లేచి మైకు తీసుకున్నాను. "చూశారుగా అండి. ఏడాదిగా మీ పిల్లలకి నేను నేర్పింది ఇది. ఎదుటివాడు ఊరుకుంటే బాగా పనిచేస్తుంది. వాడు బలం వదిలేసినా పనిచేస్తుంది. లేకపోతే పదిసార్లలో ఒకసారి, అదీ అర సెకను. ఇన్నాళ్లూ నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది. ఆ అర సెకనులో ఏం చెయ్యాలో ఇప్పుడు చూపిస్తాం."

పదకొండు మందినీ పిలిచాను. ముందుగా అనుకోలేదు, రిహార్సల్ లేదు. ఇద్దరిద్దరు. ఒకరు పట్టుకోవాలి, వదలకూడదు. రెండోవాళ్లు ఎలాగైనా విడిపించుకుని, అరిచి, గేటు దాకా పరుగెత్తాలి. పదకొండో పిల్లకి జతగా నేనే నిలబడ్డాను.

"వదులు!" అని పిల్లలు అరిచారు చూడండి! మైకు కీచుమంది. కాకులు లేచిపోయాయి. పక్క పొలంలో వాళ్లు కొడవళ్లతో సహా గోడెక్కారు, ఏమైందో చూద్దామని.

"చూశారా," అన్నాను. "పరుగెత్తుకొచ్చారు. అరుపు పనిచేసింది!"

అప్పుడు నవ్వారు. అందరూ. వెనక వరసలో ఒకావిడ లేచి నిలబడింది. "మా పిల్లని ఇంట్లో గట్టిగా మాట్లాడనివ్వమండి," అంది. కళ్లు తుడుచుకుని, "ఇవాళ దాని గొంతు విన్నానండి," అని కూర్చుంది.

సుభద్ర గారి మొహం మాత్రం పండుమిరపకాయ. టీల దగ్గర నాతో ఒక్క మాట మాట్లాడలేదు. సోమవారం మెమో ఖాయం!

ఇంట్లో చెప్పాను. అత్తయ్యగారు గారెలు వేశారు.

నవంబర్ 24, సోమవారం. ఉదయం 9:10, స్టాఫ్ రూమ్

కొత్త తీర్మానం. రోజు 1. ఈసారి నలభై రోజులు. ట్రాపింగ్ ఉంటుంది, అర సెకను వంతుగా. మిగతాదంతా లాగుడు, అరుపు, పరుగు. ఏదైనా ఊరుకోని మనిషి మీద చూశాకే క్లాసులోకి.

7:30కి గ్రౌండుకి వెళ్లేసరికి ముప్పై నాలుగు మంది పిల్లలు. లెక్కపెడుతుండగా వెనక నుంచి చెప్పుల చప్పుడు. సుభద్ర గారు. చేతిలో మెమో కవరు లేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి నడుంలో దోపుకున్నారు. కళ్లద్దాలు తీసి సూర్యకళ చేతిలో పెట్టారు.

"ఏదీ, నన్ను పట్టుకో," అన్నారు.

"హెచ్‌ఎం గారూ, మీరు..."

"ఇంకో నాలుగేళ్లలో రిటైరవుతాను. ఇన్నాళ్ల సర్వీసులో ఒక్కసారీ అరవలేదు, కర్ర చూపించాను అంతే. పట్టుకో!"

మర్యాదగా, రెండు వేళ్లతో మణికట్టు పట్టుకున్నాను.

"గట్టిగా!"

గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ "వదులు!" అని అరిచిన అరుపుకి గోదారి అవతల మావారికి వినపడి ఉంటుంది. చెయ్యి లాగారు, మోచెయ్యి వచ్చి నా ముక్కు మీద పడింది. నేను ముక్కు పట్టుకుని చూసేసరికి ఆవిడ గేటు దాకా పరుగెత్తి, గేటు దాటి, రోడ్డు మీద ఆటో పక్కన నిలబడి ఆయాసపడుతూ నవ్వుతున్నారు. ముప్పై నాలుగు మందీ ఈలలు.

స్కోరు: సుభద్ర గారు 1, నేను 0.

ముక్కులో దూది పెట్టుకుని రాస్తున్నాను. రేపు ఆరూ ముప్పావుకే రమ్మన్నారు. ఆలస్యమైతే మెమో ఇస్తారట!