రాహుకాలం దాటినాకే రా నాయనా

నాయనా, పిచ్చోళ్లకి ఫోన్లు చేసేదీ ఒక పనేనా అని నిన్న కట్ చేసేస్తివి, అందుకే కార్డు రాస్తా ఉండా. మా డాక్టరమ్మ కాడికి వచ్చేది మనసు బాగలేనోళ్లు, పిచ్చోళ్లు కాదు. వాళ్లు మరిచిపోకుండా ముందురోజు నేను ఫోన్ చేసి గుర్తుచేస్తా.

పుత్తూరు అక్క ఒకామె వస్తానని రెండు శుక్రవారాలు రాలేదు. అడిగితే, "పదకొండుకి రమ్మంటే ఎట్లబ్బా, రాహుకాలం కదా!" అని నవ్వింది. మధ్యాన్నానికి మార్చినాము. ఇప్పుడు వస్తా ఉండాది, నిద్ర కూడా పడతా ఉందంట.

అమ్మ పోయినాక నీకు నిద్రే లేదని చెల్లి ఏడ్చింది. ఈ శుక్రవారం పన్నెండున్నరకి నీకు టైం పెట్టినా. మగ్గం ఒక్క పూట ఆపు. చెల్లికి జొరం తగ్గిందా? దాని బిడ్డకి నా ముద్దులు.

నీకు మాత్రం ఫోన్ చేయను, తిరుపతి బస్టాండులోనే నిలబడి ఉంటా. డాక్టరమ్మ పిలస్తా ఉండాది, పోవాల.

నీ కొడుకు మునికుమార్