లిండె హాలు వేదిక ఎవరికి దక్కకూడదో

గ్రోస్‌వీడె పట్టణంలో లిండె హాలు యజమానినైన గెర్హార్ట్ లెమ్కె అనే నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో ఇది రాస్తున్నాను. ఇదివరకు రాసినవి చెల్లవు. అమలు బాధ్యత నా వకీలు డాక్టర్ రోజెన్‌హైన్‌ది.

1. హాలు, వెనుక ఇల్లు నా కూతురు ఫ్రీడాకు, మూడో అంశంలోని షరతుకు లోబడి.

2. షరతుకు కారణం. మా హాలులో ఎవరి సభ జరిగినా ఎదుటి పార్టీవాడికి జవాబు చెప్పడానికి పది నిమిషాలు ఇవ్వడం ఆనవాయితీ. మార్చిలో ప్రెస్సు కార్మికుల సభకు అధ్యక్షురాలు నా భార్య ఓటిలీ. గోధుమరంగు చొక్కాల నాజీ దళ నాయకుడు హాన్కె తన వంతు అడిగాడు. వద్దన్నాను. "నచ్చినవాళ్ళకే ఇస్తే అది వంతెలా అవుతుంది? నువ్వు కూర్చో" అంది ఓటిలీ. హాన్కె వేదికెక్కి, "అంతసేపు ఎందుకులెండి అమ్మగారూ, మావాళ్ళు చేతులతో మాట్లాడతారు" అన్నాడు. అతని మనుషులు నవ్వి, కుర్చీల కాళ్ళు విరిచారు. బీరు మగ్గు తగిలి ప్రెస్సు కార్మికుడు బ్రూనో కన్ను పోయింది. ఓటిలీ గంట మోగిస్తూనే ఉంది. తలమీద కొట్టారు. పడ్డాక కూడా కొట్టారు. నేను చేరేసరికి ఆమె ముఖం గుర్తుపట్టేలా లేదు. తెల్లవారకముందే పోయింది.

3. ఎంత చేదుగా మాట్లాడేవాడికైనా, నన్ను తిట్టేవాడికైనా ఫ్రీడా హాలు ఇవ్వాలి. ఎదుటివాడి నోరు మూయించడానికి వచ్చేవాడికి మాత్రం ఇవ్వకూడదు. ఇస్తే హాలు ప్రెస్సు కార్మికుల సంఘానికి పోతుంది. ఓటిలీ దీనికి ఒప్పుకునేది కాదు. నాతో వాదించడానికి ఆమె లేదు.

4. "ఊరంతా వాళ్ళవైపే తిరుగుతోంది బావా, ఒక్కసారి హాలిచ్చి గొడవ వదిలించుకోరాదూ" అన్న బావమరిది ఎవాల్ట్‌కు, ఆ రోజు విరిగిన కుర్చీలన్నీ. వాటిమీద కూర్చుని ఆలోచించుకోవచ్చు.

5. ఓటిలీ ఊలు కోటు బ్రూనో భార్యకు. జేబు చిరుగు నేనే కుట్టాను. సరిగా రాలేదు.

6. ఈ శనివారం సభకు హాన్కె హాలు అడిగాడు. ఇవ్వనన్నాను. "అయితే నువ్వూ నీ పెళ్ళాం దగ్గరికే పోదువుగానిలే, ముసలోడా" అన్నాడు. పోలీసులకు చెబితే, "సభ పెట్టుకునే హక్కు వాళ్ళకీ ఉంది కదండీ" అన్నారు. శనివారం తలుపు దగ్గర నేనుంటాను. తుపాకీలో గుళ్ళు నింపాను. బలవంతంగా గడప దాటే మొదటివాణ్ణి కాలుస్తాను. రెండోవాడు నన్ను చంపుతాడు. నా సమాధి దగ్గర ఎవరైనా మాట్లాడవచ్చు, హాన్కె తప్ప.

చేతిరాత వీలునామాకు చట్టం సాక్షులను అడగదు. పేర్లు రాస్తే ప్రమాదమని కింది ఇద్దరికీ చెప్పాను. అయినా సంతకం చేశారు.

గ్రోస్‌వీడె, 1932 అక్టోబరు 27
(సం.) గెర్హార్ట్ లెమ్కె

సాక్షులు:
డాక్టర్ యాకోబ్ రోజెన్‌హైన్
బ్రూనో వీచోరెక్, ప్రెస్సు కార్మికుడు