రాజయ్య నవలలో నా భార్య

ఆదివారం, రాత్రి

పక్కగది రాజయ్య రాసిన దయ్యం ప్రేమకథకు ఇవాళ ప్రూఫులు దిద్దాను. మా చాల్‌లో, ఈ వరుసగదుల ఇంట్లో, తెలుగు చదవగలిగేది మేమిద్దరమే. రాయడం పూర్తయ్యాక వాడికి చూపు పోయింది, ఇక చదివేది నేనొక్కణ్ణే. కథలో దయ్యం చనిపోయిన నా భార్య సత్తెమ్మే. మొగుణ్ణి కాదని పక్కగది రచయిత కోసం వస్తుందట!

"ఎట్లుందన్నా? వదినెను మంచిగనే చూపెట్టిన గద!" అన్నాడు.

"మస్తు చూపెట్టినవ్‌రా. నువ్వు పండుకో, ప్రెస్సుకు నేనిస్త."

చివరి అధ్యాయం కొట్టేశాను. ఆమె మొగుడి తలుపే తట్టినట్టు రాసి, గ్రాంట్ రోడ్ ప్రెస్సులో ఇచ్చి వచ్చాను. పుస్తకం అచ్చయ్యాక దాదర్‌లో జరిగే ఆవిష్కరణ సభలో అందరి ముందూ నేనే చదువుతాను. వాడి ముఖం చూడాలి.

ఆ ముగింపు రాసేటప్పుడు, తలుపు తీశాక ఆమె మొగుడితో ఏమంటుందో రాయబోతే మాత్రం, ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అన్న మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. మౌనంగానే లోపలికి రప్పించాను.